నీలం దారం గ్లాసు

మామగారు కుప్పకూలకముందే కోడలు "తాగకండి మామయ్యా" అని అరిచింది. విన్నవాళ్ళు ఒకరిద్దరు కాదు, వైన్ పీపాల నేలమాళిగలో ఉన్న అతిథులంతా విన్నారు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి? విషం ఉందని తెలియని మనిషి ముందుగా ఎందుకు అరుస్తుంది అన్నాడు, నిన్న సాయంత్రమే ఆమెను తీసుకెళ్ళి స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. ఇవాళ కోర్టు మూసేలోపు హాజరు పరుస్తాడట.

ఆమె కోసం నన్ను పిలిచింది ఎవరో చెబితే నమ్మరు. అత్తగారు. కట్టుకున్నవాడు ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉంటే, ఆయనకు విషం పెట్టిందని పోలీసులు చెబుతున్న కోడల్ని విడిపించమని ఆవిడ పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. ఈ ప్రైవేటు డిటెక్టివ్ వృత్తిలో అత్తల మీద కోడళ్ళకీ, కోడళ్ళ మీద అత్తలకీ ఉండే అనుమానాలు బోలెడు చూశాను. ఇలాంటి విడ్డూరం ఇదే మొదలు. అందుకని ముందు ఆవిడనే అనుమానించాను. అందులో సిగ్గేమీ లేదు, నేను తినేది అనుమానం కూడే.

మొదట స్టేషన్‌కి వెళ్ళాను. కోడలు చెక్కబల్ల మీద ముడుచుకుని కూర్చుంది. వాళ్ళది ద్రాక్షతోట, దాన్ని ఆనుకునే వైనరీ. అక్కడ వైన్ తయారీ అంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. ఏ పీపా మూత తెరిచారో వాకిట్లో నిలబడి వాసనతోనే చెప్పగలదని అతిథులు కథలు కథలుగా చెబుతారు. ఇప్పుడు ఆ ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి పూర్తిగా దిబ్బడేసిందట. ఆ గదిలో ఫినాయిల్ ఘాటుకి నా కళ్ళు నీళ్ళు కారుతుంటే ఆమెకు ఆ వాసనే తెలియడం లేదు.

"కళ్ళకి గంతలు కట్టినట్టుంది మేడం" అంది. "నన్ను ఉరి తీసినా సరే, మామయ్య లేచాక ఒక్కసారి చెప్పండి. నేను పెట్టలేదని."

జరిగిందేమిటో మెల్లగా రాబట్టాను. తోటలో మొదటి తీగ నాటిన రోజున ఏటా ఒక పాత సీసా తెరవడం ఆ ఇంటి అలవాటు. ఇంట్లో ఒక్కొక్కరికీ, ఏటా వచ్చే అతిథులకీ సొంత గ్లాసు ఉంటుంది, గుర్తుకి కాడకు ఒక్కో రంగు దారం. కోడలిది నీలం. మామూలు గ్లాసులకి సబ్బు వాసనో, అలమర వాసనో అంటుకుని ఉంటుంది, అది నీళ్ళకి పోదు. అందుకని ఆమె కాపురానికి వచ్చాక ఒక పద్ధతి పెట్టింది. మొదటి గ్లాసులో కాస్త వైన్ పోసి, తిప్పి, అదే వైన్‌ని రెండో గ్లాసులోకి ఒంపుతుంది. అక్కణ్ణుంచి మూడో దాంట్లోకి. అలా వరసంతా కడుగుతూ పోతే ఆఖర్న ఆమె గ్లాసు, ఆ తర్వాత మామగారి గ్లాసు.

ఆ కడిగిన వైన్‌ని మిగతా చోట్ల పారబోస్తారు. ఈ ఇంట్లో పారబోయరు. తీగ ఇచ్చినది నేలపాలు చేస్తానంటే ఒప్పుకోనని మామగారు తొలి ఏడే దాన్ని లాక్కుని గటగటా తాగేశాడట. అప్పటినుంచి ఏటా అదే తంతు. ఆయన తాగుతాడు, అందరూ నవ్వుతూ చప్పట్లు కొడతారు, అప్పుడు అసలు వైన్ పోస్తారు.

నిన్న కూడా అలాగే జరిగింది. ఆయన కడిగిన వైన్ తాగి "ఈసారి ఇంత ఘాటేమిటే" అన్నాడు. ఈమె అప్పటికి తన గ్లాసులో వైన్ పోసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే కుళ్ళిన వెల్లుల్లి వాసన గుప్పుమంది. తోటలో పురుగులకు కొట్టే మందు వాసన. అప్పటికే ఆయన రెండోసారి గ్లాసు ఎత్తుతున్నాడు. అప్పుడు అరిచింది.

కడిగేటప్పుడే ఎందుకు వాసన పట్టలేకపోయావని అడిగాను. ఒక చేత్తో సీసా, ఒక చేత్తో గ్లాసు, చెయ్యి బారు చాచి ఒంపుతున్నానని, కడిగే వైన్‌ని ఎవరూ వాసన చూడరని చెప్పింది. నమ్మొచ్చు. నమ్మకపోనూవచ్చు. పరీక్షలో ఆమె గ్లాసులోనూ మామగారి గ్లాసులోనూ మాత్రమే మందు బయటపడింది. సీసా శుభ్రం, మిగతా గ్లాసులన్నీ శుభ్రం. అంటే ఆయన నోట్లోకి విషం పోసిన చెయ్యి ఆమెదే. అది ఆమె గ్లాసులోకి ఎలా వచ్చిందన్నదే నాకు కావలసింది.

అక్కణ్ణుంచి వైనరీకి వెళ్ళాను. ఆమె భర్త, అంటే నన్ను పిలిచిన పెద్దావిడ కొడుకు, మేడ మీద ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. అతిథులకు ఉత్తరాలు, బస, అమ్మకాలు అతనే చూస్తాడు. నెమ్మదైన మనిషి, మర్యాద తెలిసినవాడు. నిన్న పొద్దుట్నుంచీ కింది గదుల్లోనే ఉన్నానని, అతిథులు తోటలోంచి వచ్చాక వాళ్ళను నేలమాళిగ మెట్ల దాకా దింపి పైకి వచ్చేశానని చెప్పాడు. నేలమాళిగలోకి ఎప్పుడూ దిగడట. చలి పడదట.

నిన్న ఆ సీసా తాగాక పెద్దాయన నేలమాళిగ తాళాలు కోడలి చేతికి ఇవ్వబోతున్నాడన్న సంగతి ఇల్లంతటికీ తెలుసు. కన్న కొడుకు ఉండగా కోడలికి ఇస్తుంటే బాధ అనిపించలేదా అని మొహం మీదే అడిగేశాను. నా నోరు అలాంటిది. అతను చిన్నగా నవ్వాడు. తాళాలు ఎవరి కొంగున ఉంటే ఏముంది, ఇల్లు ఒకటేగా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"ఏడాది పొడుగునా నోట్లో పోసుకుని ఉమ్మేసే మనిషండీ. రుచి చూసేవాళ్ళు మింగరు కదా. ఆ ఒక్క రోజే మింగుతుంది. ఆ రోజే ఇలా జరగాలా."

ఆ మాటకు నాకూ మనసు చివుక్కుమంది. మేము మాట్లాడుతుండగానే అతని వెనక కరెంటు పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి, గిన్నె అడుగంటి, గదంతా మాడు కంపు కొట్టింది. అతను ఆగలేదు, అలా చెప్పుకుపోతూనే ఉన్నాడు. నేనే లేచి స్విచ్చి ఆపాను. పాపం, తండ్రి అక్కడ, భార్య ఇక్కడ, మనిషి మనసు మనసులో లేదనుకున్నాను. అతను నొచ్చుకుని వేరే గిన్నెలో మళ్ళీ పాలు కాచాడు. నిన్నటినుంచి ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట, ఫ్లాస్కులో పోసి తీసుకెళతానని కారెక్కాడు.

నేలమాళిగలో చూడడానికేమీ మిగల్లేదు. పీపాలు, చల్లటి రాతిగోడలు, పోలీసులు సున్నంతో గీసిన గీతలు. నాకు కావలసింది మెట్లకు పైన ఉన్న గ్లాసుల గది. నిన్న గొడవ కాగానే పెద్దావిడ దానికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుందట. ఆవిడే వచ్చి తెరిచింది.

చిన్న గది. గోడ పొడుగునా చెక్క అలమర, దాని మీద తెల్ల కాగితం, కాగితం మీద గ్లాసులు బోర్లించిన గుండ్రటి గుర్తులు. ఒక్కో గుర్తు ముందు చెక్కకు కొట్టిన చిన్న మేకు, దానికి గ్లాసుకి ఉన్న రంగు దారమే. ఎవరి గ్లాసు చోటు వాళ్ళదన్నమాట. నీలం దారం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మిగతా చోట్ల కాగితం మీద నీటి వలయాలు మాత్రమే ఉన్నాయి. అక్కడ వలయం లోపల పసుపచ్చ మరక. వంగి వాసన చూశాను. వెల్లుల్లి, అదీ కుళ్ళినది.

"ఇంకా చెత్త ఏరుకుంటున్నావా, చీమా?"

వెనక్కి తిరక్కుండానే తెలిసింది. మనిషి కంటే ముందు అతని సెంటు వస్తుంది. శిక్షణలో ఇద్దరం ఒకే బ్యాచ్. నేను ఉద్యోగం వదిలేశాను, అతను ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. అప్పట్లో నాకు చీమ అని పేరు పెట్టింది అతనే. అతనికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది నేను, మధ్యలో ఏ స్టేషన్‌లోనూ ఆగడు కాబట్టి.

"చీమకి పంచదార దొరికేది చెత్తలోనే" అన్నాను. "ఈ గది ఎందుకు చూడలేదు?"

"చూసి చేసేదేముంది? చెయ్యి ఆమెది, గ్లాసు ఆమెది, అరుపు ఆమెది. అత్తగారు పిలిచిందని వచ్చావు, ఫీజు పుచ్చుకుని పోక."

"ఇటు వచ్చి దీన్ని వాసన చూడు."

చూశాడు. ఏమీ లేదన్నాడు. ఎలా ఉంటుంది, ఒంటి మీద అత్తరు దుకాణం మోస్తుంటే? సెంటుతో తడిసిన జేబురుమాలు తీసి బయట పారేసి రమ్మన్నాను. రెండోసారి బాగా వంగాడు, వెంటనే తుమ్ముతూ లేచాడు. మొహం రంగు మారింది.

ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగాను. ఈ కాగితం నిన్న పొద్దున పరిచింది, గ్లాసులు కడిగి దీని మీద బోర్లించింది వంటావిడ. ఆ తర్వాత కోడలు ఎక్కడుంది? నీ సాక్షులే చెప్పారు కదా, ఫలహారం దగ్గర్నుంచి అతిథులను వెంటేసుకుని తోటంతా తిప్పి, వాళ్ళతోనే నేరుగా నేలమాళిగలోకి దిగిందని. మందు నేలమాళిగలో కలిపి ఉంటే ఈ కాగితం మీదికి మరక ఎలా వచ్చింది? గ్లాసు ఇక్కడ ఉన్నప్పుడే ఎవరో అడుగున మందు పూసి, కంటికి కనబడకుండా మళ్ళీ బోర్లించారు. వంటావిడ ట్రేలో పెట్టి కిందికి పంపింది. ఆవిడకు ఎందుకు తెలియలేదంటావా, పొద్దంతా వెల్లుల్లి ఒలిచే చేతులకి ఆ వాసన ఒక లెక్కా?

ఎక్స్‌ప్రెస్ మీసం దువ్వుకున్నాడు. "అయితే ముసలాయన్ని చంపాలనుకున్నవాడు ఈమె గ్లాసులో ఎందుకు పెడతాడు?"

"ఆయన్ని చంపాలనుకోలేదు కాబట్టి. పెట్టింది ఈమె కోసం. గ్లాసులు వైన్‌తో కడుగుతారని, ఆ కడిగింది ఆయన తాగుతాడని పెట్టినవాడికి తెలియదు. ఆ వేళప్పుడు ఎన్నడూ కింద లేనివాడు."

ఎక్స్‌ప్రెస్ మళ్ళీ కాగితం మీదికి వంగాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి పన్ను పీకించుకున్నట్టు ఉంటుంది. చివరికి ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు, ఆమెను వదిలేయమన్నాడు. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఒక నిర్దోషిని విడిపించాననే కాదు, అతని చేత ఆ ఫోన్ చేయించినందుకు కూడా. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఫోన్ జేబులో పెట్టుకోకముందే రైలు మళ్ళీ కదిలింది. పురుగుమందు కలిపేది తోటమేస్త్రి, కొట్టు తాళంచెవి ఆఫీసు గదిలో ఒకటి, అతని దగ్గర ఒకటి ఉంటాయి, నేలమాళిగలోకి ఎన్నడూ దిగలేదు, ఇంకేం, వాణ్ణే పట్టుకుంటానని బయలుదేరాడు. ఇంతలో గుమ్మం దగ్గర పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

"అబ్బ, ఏం కంపమ్మా. నిన్నటినుంచి తలుపు మూసి ఉంచినందుకు పేరుకుంది. ఈ పాడు మందు మా కోడలికి పెట్టడమేమిటి? మా మేస్త్రి అయితే ముక్కుకి రెండు గుడ్డలు కట్టుకుంటే గానీ డబ్బా మూత తియ్యడు. నాకే గుమ్మంలోంచి తెలుస్తోంది. ఆ పిల్ల నోటి దాకా పోనిస్తుందా? ఎవరో గానీ బుద్ధిలేని వాళ్ళు."

నేను కాగితం వదిలి ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడ అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. వాసన పసిగట్టడమే బతుకైన మనిషిని చంపడానికి ఇంతగా వాసన కొట్టే మందు ఎవరైనా ఎంచుకుంటారా? మేస్త్రి ఎంచుకోడు, వంటావిడా ఎంచుకోదు, ఈ వాసన ఒక్కసారి చూసిన వాళ్ళెవరూ ఎంచుకోరు. దీనికి వాసనే లేదనుకున్నవాడు ఎంచుకుంటాడు.

ఆఫీసు గదిలో మాడిన పాల గిన్నె గుర్తొచ్చింది. మాడింది అతని వెనకే, కంపు పట్టింది మాత్రం నేను. ఇంకా ఒకటి గుర్తొచ్చింది. తండ్రి విషం తాగి పడిపోయాడు, కొడుకేమో భార్య మింగే రోజు గురించి బాధపడ్డాడు. ఆమె మింగితే ఏమిటి, ఉమ్మితే ఏమిటి? అది ఎవరికి కావాలి, ఆమె మింగాలని చూసినవాడికి తప్ప?

"పెద్దమ్మగారూ" అన్నాను. "మీ అబ్బాయికి వాసన తెలుస్తుందా?"

ఆవిడ కొంగు ముక్కు మీదే ఉండిపోయింది. ఎక్స్‌ప్రెస్ ఏదో అనబోతే చేత్తో ఆపాను. ఆవిడ తలుపు చెక్క పట్టుకుని మెల్లగా గుమ్మంలోనే కూలబడింది. ఆవిడ చెప్పకపోతే నేను ఏదీ నిరూపించలేను. ఆ సంగతి ఆవిడకీ అర్థమైంది.

"చిన్నప్పుడు జ్వరం వచ్చింది" అంది. "మశూచి అంత జ్వరం. తగ్గింది గానీ ఆ తర్వాత వాడికి ఏ వాసనా తెలియలేదు. పువ్వు పెట్టినా, పెంట పెట్టినా ఒకటే. వైన్ చేసే ఇంటి బిడ్డ ఇలాగని పదిమందికీ తెలిస్తే నవ్వుతారని దాచాం. నాకూ, ఆయనకీ, వాడికీ తప్ప తెలియదు. పెళ్ళికి ముందు ఆ పిల్లకీ చెప్పలేదు. కిందికి దిగితే ఎవరైనా ఇది ఏ వాసన, అది ఏ వాసన అని అడుగుతారని వాడు దిగడు. చలి అని చెబుతాడు."

నేను పక్కన కూర్చున్నాను.

"వాడు నా ఒక్కగానొక్క కొడుకమ్మా" అంది. "అయినా నిన్ను పిలిచింది ఆ పిల్లని కాపాడమనే. కాపాడు."

అప్పుడు గుర్తొచ్చింది, అతను ఆమెకు పాలు పట్టుకుపోయాడు. ఫ్లాస్కు.

స్టేషన్‌కి ఫోన్ చెయ్యమని ఎక్స్‌ప్రెస్ మీద అరిచాను. చేశాడు. అవతలి మాటలు నాకు వినబడలేదు, అతని మొహం చూస్తే చాలింది. వదిలేయమన్న వెంటనే వదిలేశారట. భర్త అక్కడే ఉన్నాడు కాబట్టి సంతకం పెట్టించుకుని అతనితోనే పంపించారట. ఇద్దరూ కారులో వెళ్ళిపోయారు. ఇంటి దారి కాదు, కొండ దారి పట్టారట. ఆమె అలసిపోయింది, కాసేపు ఎక్కడైనా చల్లగాలికి తిప్పి తీసుకొస్తానన్నాడట. ఎంత మంచి భర్తో అని కానిస్టేబుల్ మెచ్చుకున్నాడు కూడా.

ఆమె ఫోన్ ఇంకా స్టేషన్ బీరువాలోనే ఉంది, సాక్ష్యంగా. అతనికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇవాళ ఆమె అదే మందుతో చచ్చిపోతే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. మామని చంపబోయి, పట్టుబడి, భయపడి తనే తాగేసిందంటారు. నిన్న ఆమెను కాపాడింది ఆమె ముక్కు. ఇవాళ అది దిబ్బడేసి ఉంది. నా కళ్ళతో నేను చూసి వచ్చాను. అతనూ చూసి ఉంటాడు.

విడిపించింది నేను. ఆ కారెక్కించింది నేనే అన్నట్టు లెక్క.

ఎక్స్‌ప్రెస్ అప్పటికే జీపు స్టార్ట్ చేశాడు. నేను ఎక్కి తలుపు వేసేలోపే గేటు దాటించాడు, మలుపులో హారన్ మీదినుంచి చెయ్యి తియ్యలేదు, ముందున్న బండ్లన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఇన్నేళ్ళుగా అతని తొందరని తిట్టిపోశాను.

"ఇంకా తొందరగా పోనివ్వు" అన్నాను.